ముప్ఫయ్యో నంబరు రోడ్డు మీద నాలుగు సైకిళ్లు

తమ్ముడు: కాశీకి పోవాలంటే రైలుంది. ఇవ్వాళ ఎక్కితే రెండోనాటికి గంగలో మునగొచ్చు. పుణ్యం కావాలంటే అదీ దక్కుతుంది, పిల్లల బడీ పోదు. నలుగురూ నాలుగు సైకిళ్లు వేసుకుని ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి నుంచి కాశీ దాకా తొక్కడమేంటక్కా? బావకి చెబితే నవ్వి ఊరుకున్నాడు. నువ్వయినా చెప్పు.

అక్క: బావ నవ్వక ఏం చేస్తాడు, ఆలోచన నాది. పుణ్యం కోసం కాదురా. కొత్తగూడెంలో మనం ఎక్కే రోడ్డుంది చూడు, 30వ నంబరు జాతీయ రహదారి. అది విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో మొదలై భద్రాచలం, జగ్దల్‌పూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, లక్నో దాటి ఎక్కడో నేపాల్ దగ్గర, ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ అనే ఊళ్లో ఆగుతుంది. దాదాపు రెండు వేల కిలోమీటర్లు. చిన్నప్పటి నుంచి మనం ఆ రోడ్డు మీద రాములవారి గుడి దాకా పోవడం, దండం పెట్టుకుని వెనక్కి తిరగడం. గుడి తర్వాత అది ఎటు పోతుందని మనింట్లో ఎవరూ అడగలేదు. నాకు అడగాలనిపించింది.

తమ్ముడు: ఎటు పోతుందో నేను చెప్తా విను. పదకొండేళ్లు దాని మీద బండి తోలినవాణ్ణి. పోయేటప్పుడు గ్రానైటు పలకలో మిర్చి బస్తాలో, వచ్చేటప్పుడు రాయ్‌పూర్ ఇనుము. భద్రాచలం దాటగానే ఆంధ్ర, చింతూరు దాటి శబరి పక్కన కాస్త పోతే కుంట, అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్. డెబ్బై కిలోమీటర్లు అటూ ఇటూగా మూడు రాష్ట్రాలు తగులుతాయి. తర్వాత దోర్నపాల్, సుక్మా. అక్కణ్ణుంచి దర్భా లోయ ఎక్కుడు. జగ్దల్‌పూర్ దాటాక కేశ్‌కాల్ ఘాటు దిగుడు. రాయ్‌పూర్ దాటాక కవర్ధా మీద చిల్పీ ఘాటు, మళ్లీ ఎక్కుడు. లోడు బండి అక్కడ మొదటి గేరులో మూలుగుతుంది. పదేళ్ల పిల్లాడు పెడలు మీద లేచి నిలబడి ఎక్కుతాడా?

అక్క: ఎక్కలేకపోతే దిగి నెడతాడు. నేనూ నెడతా. మాకెవరూ సరుకు అప్పజెప్పలేదుగా, ఫలానా గంటకి చేర్చమని. లెక్క వేసుకున్నా. ఖమ్మం నుంచి కొత్తగూడెం ఎనభై, అక్కణ్ణుంచి భద్రాచలం నలభై. మొత్తం కాశీకి పదిహేను వందలు. రోజుకి యాభై చొప్పున నెల రోజులు, ఆగి చూసే ఊళ్లతో కలిపి నలభై.

తమ్ముడు: ఏ నలభై రోజులు? అది చెప్పు ముందు. ఎండాకాలం సెలవుల్లోనా? మే నెలలో కొత్తగూడెం నలభై అయిదు డిగ్రీలు కాగుతుంది, బొగ్గు బావుల వాళ్లే మధ్యాహ్నం బయటికి రారు. వానాకాలమా? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, చింతూరు రోడ్డు నీళ్ల కింద ఉంది. సంక్రాంతికా? అప్పుడు ప్రయాగ దగ్గర పొగమంచు, పది గజాల అవతల ఏనుగున్నా కనపడదు. ఇంక మిగిలింది కార్తీక మాసం. అంటే నడి బడి రోజులు. పెద్దది తొమ్మిదో తరగతి. నువ్వేమో జిల్లా పరిషత్ స్కూల్లో టీచరువి. మిరపకోతల కాలంలో పిల్లల్ని చేలకి తీసుకుపోయే తల్లుల్ని బడి మాన్పించొద్దని బతిమాలేది నువ్వే. ఇప్పుడు నీ పిల్లల్ని నలభై రోజులు మాన్పిస్తావు. ఆ తల్లి ఎదురుపడితే ఏం చెప్తావు?

అక్క: ఆ మాట తగిలిందిరా. నేనూ పడుకున్నాక అదే అనుకుంటున్నా. హాజరు పట్టీలో నా చేత్తో ఆబ్సెంటు వేసిన పిల్లలున్నారు, పత్తి తీయడానికి పోయినవాళ్లు. వాళ్లు పోయింది కూలికి, నా పిల్లలు పోయేది తిరగడానికి. దానికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. కాకపోతే ఒకటుంది. తొమ్మిదో తరగతి పుస్తకంలో భారతదేశం మ్యాపు మీద మహానదీ, నర్మదా ఎక్కడున్నాయో చుక్క పెట్టమంటాం. మా పెద్దది పెట్టేస్తుంది, మార్కులూ వస్తాయి. మన రోడ్డు ధమ్తరి వైపు మహానదికి దగ్గరగా పోతుందని, జబల్‌పూర్ చేరకముందే నర్మదను దాటుతుందని మాత్రం దానికి తెలియదు. నలభై రోజుల్లో అది పోగొట్టుకునే పాఠాలు నేను రెండు వారాల్లో చెప్పగలను. ఇది మాత్రం క్లాసులో నిలబడి నేను చెప్పలేను.

తమ్ముడు: నువ్వు చెప్పగలవు, టీచరువి కాబట్టి. సెలవు పెట్టినా నెల తిరగ్గానే ఎంతో కొంత జీతం పడుతుంది కాబట్టి. నేను నలభై రోజులు బండి ఆపితే ఫైనాన్సువాళ్లు బండి తోలుకుపోతారు. ఈ ముచ్చట అందరిదీ కాదక్కా.

అక్క: అందరిదీ కాదు, ఒప్పుకుంటా. అయినా మనవాళ్లకిది కొత్త సంగతా? ఏనుగుల వీరాస్వామయ్య పేరు నీకూ తెలుసు, పదో తరగతిలో నేనే చదివించా. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, ఇంటివాళ్లనూ పరివారాన్నీ వెంటబెట్టుకుని, సుమారు వందమందితో హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ పోయాడు. తిరిగొచ్చేసరికి పదిహేను నెలలు దాటింది. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ కట్టెలు దొరుకుతాయి, ఏ దారి రాళ్లమయం, అన్నీ రాసిపెట్టాడు. మనకి మొదటి యాత్రాగ్రంథం అదే. మరి మేడారం? సమ్మక్క జాతరకి తాత ఎడ్లబండి కట్టి పిల్లాజెల్లా అందర్నీ ఎక్కించుకుని దారిలో వండుకు తింటూ పోలేదా? అమ్మ ఇప్పటికీ జాతరకన్నా ఆ బండి సంగతే ఎక్కువ చెప్తుంది.

తమ్ముడు: వీరాస్వామయ్య కోర్టులో దుబాసీ. ఆయన కూర్చున్నది పల్లకీలో. మోసినవాళ్లు బోయీలు. వాళ్లు కూడా కాశీ పోయారు, ఆయనంత దూరమూ పోయారు, భుజం మీద బరువుతో. వాళ్లు పుస్తకం రాయలేదు. నేను లారీ వాణ్ణి కదా, నాకు ముందు వాళ్లే కనపడతారు.

అక్క: అందుకేరా సైకిలు. ఎవరి బరువు వాళ్లే తొక్కుతారు, దానికి బోయీ అక్కర్లేదు. మన జిల్లాలో సైకిలుకున్న మర్యాద నీకు చెప్పాలా? సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిలు మీద పోయారని మన ఇళ్లలో దేవుడి కథల్లా చెప్పుకునేవాళ్లు. ఇల్లెందు గుమ్మడి నర్సయ్య గారు అయిదుసార్లు ఎమ్మెల్యే అయ్యి కూడా సైకిలు దిగలేదు. ఇక్కడే రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు, సైకిలు మీద మొక్కలూ విత్తనాలూ కట్టుకుని తిరిగి తిరిగి కోటి మొక్కలు నాటారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

తమ్ముడు: ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా షికారుకి తొక్కలేదు. రామయ్య గారు విత్తనం చల్లడానికి తొక్కారు, నర్సయ్య గారు జనం దగ్గరికి పోవడానికి తొక్కారు. సైకిలు వాళ్లకి పనిముట్టు. నువ్వు దాన్ని ఆటవస్తువు చేస్తున్నావు. ఇంకోటి, ఎన్నికలు దగ్గర్లో ఉన్నప్పుడు మాత్రం పోవద్దు. నాలుగు సైకిళ్లు వరసగా ఆంధ్ర మండలాల్లో పోతుంటే ఏ పార్టీ తరఫున అని అడుగుతారు.

అక్క: అడిగితే కుటుంబ పార్టీ అని చెప్తాలే. అయినా ఆటకేం తక్కువరా? అవసరం ఉన్నవాడే రోడ్డెక్కాలి, ఊరికే చూడాలనుకున్నవాడు ఇంట్లో కూర్చోవాలి, ఇదెక్కడి న్యాయం? కలకత్తాలో సత్యేన్ దాస్ అని రిక్షా తొక్కేవాడున్నాడు. 2014లో తన రిక్షా తనే తొక్కుకుంటూ లద్దాఖ్‌లో ఖార్దుంగ్ లా దాకా పోయాడు, దాదాపు మూడు వేల కిలోమీటర్లు, 68 రోజులు. అంతకుముందు భార్యాబిడ్డలతో కూడా దూర యాత్రలు చేశాడు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఊళ్లో తొక్కడమే బతుకైనవాడికి, సెలవు దొరికితే మళ్లీ తొక్కాలనే అనిపించింది. కూలి చేసుకునేవాడికి సరదా ఉండకూడదని నువ్వూ అనవు కదా.

తమ్ముడు: అనను. ఆ మనిషి సంగతి బాగుంది. కానీ నాకు ఇంకో కుటుంబం గుర్తొస్తుంది. కాదు, రెండు. 2020 మే నెల, లాక్‌డౌను. గురుగ్రామ్‌లో ఆటో తోలుకునే తండ్రి కాలు దెబ్బతిని మంచాన పడ్డాడు, తిండి లేదు, ఇంటి ఓనరు పొమ్మన్నాడు. పదిహేనేళ్ల జ్యోతి కుమారి పాత సైకిలొకటి కొని తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని బిహార్‌లో దర్భంగా దాకా, పన్నెండు వందల కిలోమీటర్లు తొక్కింది. నువ్వు పోదామనుకునే దూరంలో అయిదింట నాలుగొంతులు. దాన్ని చూసి అమెరికా అధ్యక్షుడి కూతురు మురిసిపోతూ ట్వీటు పెట్టింది. సైక్లింగ్ ఫెడరేషన్‌వాళ్లు ట్రయల్సుకి రమ్మన్నారు. మరుసటి ఏడాది బాలపురస్కారం ఇచ్చారు, ఆ ఏడాదే ఆ తండ్రి చనిపోయాడు. ఆ పిల్ల పోటీకి తొక్కలేదు, రైలు లేక తొక్కింది. అదే మే నెలలో లక్నోలో ఒక జంట ఇద్దరు పిల్లల్ని సైకిలు మీద ఎక్కించుకుని ఛత్తీస్‌గఢ్‌లో సొంతూరికి బయలుదేరారు. లక్నో దాటకముందే ఏదో బండి గుద్దింది. తల్లీతండ్రీ పోయారు, పిల్లలు మిగిలారు. లక్నో నుంచి ఛత్తీస్‌గఢ్‌కి, మ్యాపు తీసి చూడు, నీ ముప్ఫయ్యో నంబరు రోడ్డే పోతుంది.

అక్క: తెలుసు.

తమ్ముడు: మన అడవి సంగతి కూడా తెలుసు నీకు. ఆ ఏప్రిల్లో ములుగు జిల్లాలో మిరపకోతకి వచ్చిన బీజాపూర్ పిల్ల, పన్నెండేళ్లది. లాక్‌డౌనులో పని ఆగిపోతే తమవాళ్లతో అడవి దారిన మూడు రోజులు, నూరు కిలోమీటర్ల పైన నడిచి, ఇల్లు చేరకుండానే దారిలో పడిపోయింది. కుటుంబాలు ఈ దారుల మీద బయటపడేది ఇట్లా. మనం అదే దారి మీద హెల్మెట్లు పెట్టుకుని, రంగురంగుల చొక్కాలు వేసుకుని, వీడియోలు తీసుకుంటూ పోతే... నాకు సిగ్గుగా ఉంటుందక్కా. నీకు ఉండదా?

అక్క: వీడియోలు తియ్యం. అది ముందే అనుకున్నాం. ఉంటుంది సిగ్గు, ఎందుకుండదు. కానీ ఆ సిగ్గుకి రైలెక్కడం మందు కాదురా. ఏసీ బోగీలో తెర లాక్కుని పడుకుంటే ఆ పిల్ల నడిచిన అడవి కిటికీలోంచి చీకట్లో జారిపోతుంది, మనకి సిగ్గు కూడా కలగదు. మా పెద్దదానికి వాళ్లు తెలియాలి. మిరపకోతకి ఎవరొస్తారు, ఎక్కణ్ణుంచి వస్తారు, ఎన్ని రోజులు నడుస్తారు. ఖమ్మం మిర్చి మార్కెట్టు అని గొప్పగా చెప్పుకుంటాం, ఆ కాయ కోసిన చేతుల ఊరు ఏదో మనకి తెలియదు. సైకిలు మీద పోతే రోజుకి నాలుగుసార్లయినా ఎవర్నో ఒకర్ని నీళ్లడగాలి. అడిగితే మాటలొస్తాయి.

తమ్ముడు: వాళ్ల దగ్గరే నీళ్లు తాగి, వాళ్ల గురించి తెలుసుకుని వస్తావు. వాళ్లకేమొస్తుంది?

అక్క: ఏమీ రాదు. ఆ మాట నిజం. పుణ్యమూ రాదు, పైసా రాదు. నేను ఎవర్నీ ఉద్ధరించడానికి పోవట్లేదు. ఉద్ధరిస్తానని బయలుదేరినవాళ్లను చూసే నాకు భయం. నా పిల్లలకి నడుము నొప్పెడితే నడుము నొప్పి అంటే ఏంటో తెలుస్తుంది, అంతవరకే నా లెక్క.

తమ్ముడు: సరే, పిల్లల దగ్గరికి వద్దాం. నేను మేనమామని, అడిగే హక్కు నాకుంది. నీ ప్రాణం నీ ఇష్టం, బావ ప్రాణం బావ ఇష్టం. పదేళ్లవాడి ప్రాణం ఎవరి ఇష్టం? ఒక్క 2022లోనే మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. రోజుకి నాలుగు వందల అరవై. ఆ రోడ్డు మీదికి పిల్లాణ్ణి నువ్వు తోలుతున్నావు. వాణ్ణి అడిగావా?

అక్క: అడిగా. వస్తానన్నాడు.

తమ్ముడు: వాణ్ణి చంద్రమండలానికి రమ్మన్నా వస్తానంటాడు. దాన్ని ఒప్పుకోలు అంటారా?

అక్క: అనరు. అయితే ఒకటి చెప్పు. మన వీధిలో ఆరో తరగతికే పిల్లల్ని ఐఐటీ ఫౌండేషనని తీసుకుపోయి హాస్టల్లో పడేశారు. ఆ పిల్లల్ని ఎవరడిగారు? పొద్దున అయిదుకి లేపి రాత్రి పదకొండుదాకా కూర్చోబెడితే పక్కింటివాళ్లు వచ్చి ఇది ప్రమాదం అన్నారా? 2019లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నారు. ఆ తర్వాత ఎవరైనా హాస్టల్ మాన్పించారా? పిల్లల తరఫున ప్రమాదాన్ని ఎంచుకోని తల్లిదండ్రులు నాకెక్కడా కనపడలేదు. అందరూ ఎంచుకునేదైతే దానికి చదువు అని పేరు పెడతాం, ఒక్కళ్లే ఎంచుకుంటే పిచ్చి అంటాం.

తమ్ముడు: అది గట్టి మాటే. నా కొడుకుని నేనూ వేశా హాస్టల్లో, నీకు తెలిసే అన్నావు. కానీ ఒక తప్పు ఇంకో తప్పుకి సాక్ష్యం పలకదు. హాస్టల్లో ఏడిస్తే ఫోను చేస్తాడు, పోయి తెచ్చుకుంటా. లారీ చక్రం కింద ఏడవడానికి టైముండదు.

అక్క: ...

తమ్ముడు: కోపమొచ్చిందా?

అక్క: లేదు. నిజం కాబట్టి ఏం మాట్లాడాలో తెలియలేదు. వోగెల్ అని అమెరికాలో ఒక కుటుంబం ఉంది. అమ్మానాన్నా ఇద్దరూ టీచర్లే. పదేళ్ల కవల మగపిల్లలతో 2008లో అలాస్కాలో మొదలుపెట్టి 2011లో అర్జెంటీనా కొసకి చేరారు. ఇరవై ఏడు వేల కిలోమీటర్లు. అది చదివినప్పుడు మనమెందుకు చెయ్యలేం అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే, వాళ్లకి చాలా చోట్ల రోడ్డు పక్కన తెల్లగీత ఇవతల ఒక మనిషి పట్టే జాగా ఉంటుంది. మనకి తెల్లగీత ఇవతల మట్టి, మట్టి ఇవతల బర్రెలు.

తమ్ముడు: హైదరాబాదులో ఔటర్ పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు వేశారు, 2023లో. అక్కడ తొక్కించు. కారులో తీసుకుపోయి దింపుదాం.

అక్క: సైకిలు తొక్కడానికి కారులో పోవాలి! నువ్వే విను నీ మాట.

తమ్ముడు: వింటున్నాలే. ఇంకొకటి, ఇది నువ్వే చెప్పాలి, నేను అడగలేక అడుగుతున్నా. పెద్దది పద్నాలుగేళ్లది. ఆ నెలలో ఆ అయిదు రోజులూ ఏం చేస్తుంది? రాత్రి ఎక్కడ పడుకుంటారు? పెట్రోలు బంకు వెనకా? తెలియని ఊళ్లో తాగినవాడు వెంటపడితే బావ ఒక్కడు ఏం చేస్తాడు?

అక్క: ఆ అయిదు రోజులు ఆగుతాం, అందుకే నలభై రోజులన్నా. రాత్రి తాలూకా ఊళ్లలోనే పడక. ధర్మశాలో, లాడ్జో, ముందురోజు ఫోను చేసి మాట్లాడుకున్నాకే కదులుతాం. గుడారం వెయ్యం. సాయంత్రం నాలుగు దాటితే పెడలు మీద కాలు వెయ్యం. కానీ దాని కోసమే పోతున్నానేమో అనిపిస్తుందిరా. ఎనిమిదో తరగతి దాకా బడికి సైకిలు మీదే పోయింది. తొమ్మిదికి రాగానే మీ బావే స్కూటీ మీద దింపడం మొదలుపెట్టాడు, పిల్ల పెద్దదయింది అని. సైకిలు మెట్ల కింద తుప్పు పడుతోంది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా తెలుసా? 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఆడవాళ్లకి సైకిలు నేర్పారు. అప్పటి కలెక్టరమ్మ షీలారాణి చుంకత్, అప్పులిప్పించి మరీ సైకిళ్లు కొనిపించింది. దాదాపు లక్షమంది ఆడవాళ్లు నేర్చుకున్నారు. నవ్వినవాళ్లూ, ఈల వేసినవాళ్లూ ఉన్నారు. బిహార్లో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకి సైకిలు ఇచ్చారు, బడిలో చేరే ఆడపిల్లలు ముప్ఫై శాతం పైన పెరిగారని లెక్కలు తేల్చాయి. మనదగ్గర ఇచ్చే చెయ్యి ఉండదు, ఉన్న సైకిలు మెట్ల కింద పెడతాం.

తమ్ముడు: అయితే దాన్ని బడికి సైకిలు మీద పంపు. రేపట్నుంచే. ఖానాపురం నుంచి బడి ఎంత దూరం? మూడు కిలోమీటర్లు. దానికి కాశీ ఎందుకు?

అక్క: మంచి ప్రశ్న. రోజూ మూడు కిలోమీటర్లు పంపడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒక్కసారి పదిహేను వందలు మా మధ్యలో పెట్టుకుని తొక్కించడానికి ధైర్యం ఉంది. నవ్వొస్తుంది కదూ. నాకూ అప్పుడప్పుడు అట్లానే అనిపిస్తుంది, ఇక్కడి మూడు కిలోమీటర్లని తప్పించుకుని అక్కడికి పోతున్నానా అని. పేరులో హవేలీ ఉంది గాని మనూళ్లో సైకిలు పోనిచ్చే దారెక్కడుంది? ఉన్నదంతా దిమ్మెల లారీలదే. అందులో నీదొకటి.

తమ్ముడు: నాదొకటి. అవును. అందుకే చెప్తున్నా. అందరూ నిన్ను ఛత్తీస్‌గఢ్ అడవి గురించి భయపెడతారు చూడు. అది దర్భా లోయ రోడ్డు, 2013 మే 25న ఝీరం ఘాటీలో కాంగ్రెసు నాయకుల కాన్వాయ్ మీద దాడి జరిగిన దారి, అక్కడ పోవద్దని చెప్తారు. నేనా మాట చెప్పను. ఆ అడవిలో పగలూ రాత్రీ బండి తోలా. టైరు పంక్చరయి నడిరాత్రి కూర్చుంటే కోయ పిల్లలు ఇప్పపువ్వు తెచ్చిచ్చారు. అడవి ఉన్నంతదాకా ఖాళీ రోడ్డు, చెట్టు నీడ, బస్సులూ తక్కువ. నాకు భయమేసేది అడవి అయిపోయాక. కేశ్‌కాల్ దిగుడులో బ్రేకులు కాలిన వాసన వస్తుంది చూడు, అక్కణ్ణుంచి. ధమ్తరి దాటి రాయ్‌పూర్ దగ్గరపడేకొద్దీ ఇనుము, సిమెంటు, బొగ్గు, అన్నీ ఓవర్‌లోడే. డ్రైవరు రెండు రాత్రుళ్లు నిద్రపోయి ఉండడు. నేనూ పోలేదు. నా కేబిన్లోంచి చెప్తా విను: ఎడమ పక్కన, తలుపు కింద, మనిషి నిలబడితే కనపడని జాగా ఒకటుంది. అద్దంలో రాదు. క్లీనరు లేకపోతే ఆ జాగాలో ఏముందో దేవుడికే తెలియాలి. సైకిలువాడు ఎప్పుడూ అక్కడే ఉంటాడు.

అక్క: పిల్లలకి ఇది ఎట్లా చెప్పాలి?

తమ్ముడు: నేను ఒప్పుకోలేదు, అయినా చెప్తున్నా. లారీ అద్దంలో డ్రైవరు మొహం నీకు కనపడట్లేదంటే, నువ్వు వాడికి కనపడట్లేదని అర్థం. వెనకే ఆగిపో. లారీ ఎడమవైపు నుంచి ఎప్పుడూ ముందుకి దూరకు. మలుపు తిరిగే లారీ పక్కన అసలు ఉండకు, వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకొస్తాయి. హారన్ కొడితే బెదిరి ఊగకు, గీత పట్టుకుని తిన్నగా పో. ఊగినవాడే పోతాడు.

అక్క: రాసుకుంటా ఉండు.

తమ్ముడు: ఇంకోటుంది. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్లయింది. వైరా రోడ్డు మీద మునిమాపువేళ వస్తున్నా. ఎదురు బండి లైట్లు కళ్లలో కొట్టాయి. ఒక ముసలాయన గడ్డిమోపు క్యారియరుకి అడ్డంగా కట్టుకుని తొక్కుతున్నాడు. నాకు మోపు కనపడలేదు, మనిషి కనపడలేదు. వెనక మడ్‌గార్డు మీద ఎర్రబిళ్ల మాత్రం, నా లైటు పడి నిప్పురవ్వలా మెరిసింది. కోశా స్టీరింగు. గడ్డి నా బండి అంచుకి రాసుకుని పోయింది, తెల్లారి చూస్తే బోల్టుల్లో పరకలు ఇరుక్కుని ఉన్నాయి. ఆయనకి తెలుసో తెలియదో, వెనక్కి కూడా చూడలేదు. నేను వంద గజాలు పోయి ఆపి, దిగి, స్టెపినీ మీద చెయ్యేసి కూర్చున్నా అరగంట. ఆ ముసలాయన మొహం కూడా చూడలేదు నేను. కానీ నిద్రలో వస్తాడు. నువ్వు పిల్లల్ని తీసుకుపోతే, రోడ్డు మీద నాలాంటివాడు ఒకడికి మీ చిన్నోడు నిద్రలో వస్తాడేమో. వాడి గురించి కూడా నేను మాట్లాడుతున్నా.

అక్క: ఇన్నాళ్లు చెప్పలేదేరా.

తమ్ముడు: ఏమని చెప్పాలి? ఏమీ జరగలేదు కదా.

అక్క: నాకు తెలియని భయం కాదు నువ్వు చెప్పేది, తెలిసిన భయమే, నాకు కనపడని వైపు నుంచి. ఇట్లా చేద్దాం. దీపావళి అయిన మర్నాడు భద్రాచలం దాకా పోతాం. నూట ఇరవై కిలోమీటర్లు, మూడు రోజులు, మధ్యలో పాల్వంచలో కిన్నెరసాని దగ్గర ఒక పూట. నువ్వు వెనకాల బండి మీద రా, వంద గజాల దూరంలో. మాకు తెలియకుండా మమ్మల్ని చూడు, పిల్లలు ఊగుతున్నారో తిన్నగా పోతున్నారో. గోదావరి వంతెన దాటాక నువ్వు వెనక్కి తిరగమంటే తిరుగుతాం. అప్పుడు మాత్రం నువ్వు చెప్పిందే.

తమ్ముడు: రాను. వచ్చానంటే ఒప్పుకున్నట్టే అవుతుంది. రేపు ఏదైనా అయితే నువ్వూ వెనక ఉన్నావుగా అంటారు.

అక్క: రాకపోతే?

తమ్ముడు: రాకపోయినా అంటారు.

అక్క: మరి?

తమ్ముడు: చిన్నోడి సైకిలుకి వెనక ఎర్రబిళ్ల లేదు. పొద్దున వచ్చేటప్పుడు చూశా. మడ్‌గార్డు మీద బోల్టు బెజ్జం మాత్రం మిగిలింది.